నూలు పార్టీ, పాలిస్టర్ పార్టీ, నడుమ గ్రాండ్ హోటల్

సూరత్‌లో గ్రాండ్ హోటల్ ఎక్కడని స్టేషన్ దగ్గర ఆటోవాణ్ణి అడిగితే ఏదో అద్దాల మేడ ముందు దింపి పోతాడు. గోడాదరాకు వచ్చి అడగాలి. అదీ తెలుగువాళ్ళను అడగాలి. అప్పుడు మా గల్లీ మలుపులో పాన్ డబ్బాకూ సైకిల్ షాపుకూ నడుమ ఇరుక్కున్న రేకుల షెడ్డు చూపిస్తారు. షెడ్డు చిన్నది, బోర్డు పెద్దది. దాని ఒక కొస పాన్ డబ్బా మీదికి, ఇంకో కొస సైకిల్ షాపు మీదికి పోయింది. వానాకాలంలో ఆ ఇద్దరి గిరాకీలూ ఆ బోర్డు కిందే నిలబడతారు కాబట్టి ఇన్నేళ్ళలో ఎవరూ దాన్ని కోయించమని అడగలేదు.

ఆ బోర్డుకు కూడా ఒక చరిత్ర ఉంది. స్టేషన్ వైపు ఒక పాత హోటల్ కూలగొడుతుంటే దాని సామానంతా పాత ఇనుప దుకాణానికి చేరింది. ఈ షెడ్డులో హోటల్ పెట్టిన నర్సింగమన్న కుర్చీల కోసమని పోయి, కుర్చీలు నచ్చక, బోర్డు నచ్చి, దాన్ని తోపుడుబండి మీద వేసుకుని వచ్చాడు. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలతో 'గ్రాండ్ హోటల్' అని, దాని కింద 'ఏసీ రూములు, లిఫ్ట్ ఉన్నవి' అని ఉంటుంది. కింది వరుస చెరిపేయమని అందరూ చెప్పారు. రంగు ఖరాబవుతుందని ఆయన ఒప్పుకోలేదు. అప్పటి నుంచి నిచ్చెన ఎక్కి అటక మీద కూర్చుని తినేవాళ్ళు 'లిఫ్ట్ ఎక్కుతున్నా' అని చెప్పి మరీ ఎక్కుతారు. ఒకసారి నిజంగానే భావనగర్ నుంచి కొత్తగా పెళ్ళయిన జంట సూట్‌కేసులతో ఆటో దిగింది. లోపల వండుతున్న ఐలమ్మ వదిన వాళ్ళను వెనక్కి పంపలేదు. అన్నం పెట్టి, అటక మీద చాప పరిచి, ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానును వాళ్ళ వైపు తిప్పింది. సాయంత్రం దాకా హాయిగా నిద్రపోయి వెళ్ళారు. ఇప్పటికీ సూరత్ వస్తే గాఠియా పొట్లం పట్టుకుని వచ్చి కనపడి పోతారు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, మా ఇల్లు హోటల్‌కు సరిగ్గా ఎదురు. నా పేరు సుభాషిణి. ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుడతాను. కిటికీ దగ్గర కూర్చుంటేనే వెలుతురు. కిటికీలోంచి కనపడేది గ్రాండ్ హోటల్ ఒక్కటే. నేను చాడీలు చెప్పే మనిషిని కాదు. అట్లాగని చూసినదాన్ని కడుపులో దాచుకునే మనిషినీ కాదు.

బోర్డు నర్సింగమన్నది అయినా హోటల్ మాత్రం ఆయన భార్య ఐలమ్మ వదినది. వాళ్ళది సిరిసిల్ల దగ్గర పల్లె. పెళ్ళయిన కొత్తలో ఆయన ఒక్కడే సూరత్ వచ్చి మరమగ్గాల కార్ఖానాలో చేరాడు. ఊరివాళ్ళతో కలిసి ఒక ఖోలీలో ఉండేవాడు. ఆ గదిలో సగం మందిది పగటి పాళీ, సగం మందిది రాత్రి పాళీ. పగటివాళ్ళు లేచిన పరుపు మీద రాత్రివాళ్ళు పడుకునేవాళ్ళు. పాపం ఆ పరుపు ఏనాడూ చల్లబడలేదు. తిండి మాత్రం బయట గుజరాతీ మెస్సులో. మొదటి రోజు పప్పు నోట్లో పెట్టుకుంటే తియ్యగా తగిలింది. వంటవాడు పొరపాటున బెల్లం వేశాడనుకున్నాడు నర్సింగమన్న. సేఠ్‌కు తెలిస్తే వాడి ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పకుండా మొత్తం తినేశాడు. మర్నాడూ బెల్లమే. ఆ మర్నాడూ బెల్లమే. ఇక్కడ పప్పు అంటే అదేనని తెలిసిన రోజున ఊరికి ఫోన్ చేసి ఏడ్చాడట.

"మనిషి పోతె ఏడుస్తరు గని పప్పు కోసం ఏడ్చుడేందయ్యా!" అని తిట్టి, చింతపండు మూట నెత్తిన పెట్టుకుని రైలెక్కింది ఐలమ్మ వదిన.

ఆమె వండింది ఒక్క మొగుడి కోసమే. కానీ ఎల్లిపాయ పోపుకు గోడలు అడ్డమా? మొదటి వారం పక్క ఖోలీవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చారు. నెల తిరిగేసరికి మెట్ల మీద కూర్చుని తినేవాళ్ళు తయారయ్యారు. ఇంటి ఓనరు మెట్లు ఖాళీ చేయమన్నాడు. అప్పుడు ఈ షెడ్డు తీసుకున్నారు. పప్పుచారు, పచ్చిపులుసు, జొన్నరొట్టె, ఆదివారం కోడికూర. అమ్రోలి నుంచి తాపీ దాటుకుని, ఇచ్ఛాపూర్ నుంచి రెండు బస్సులు మారి, మనవాళ్ళు సెలవునాడు వచ్చి తిని పోయేవారు. తాపీకి పెద్ద వరద వచ్చిన ఏడు ఆమె అటక మీద కిరోసిన్ స్టవ్ పెట్టుకుని వండింది. లాక్‌డౌన్‌లో ఊళ్ళకు పోలేక ఖోలీల్లో చిక్కుకున్నవాళ్ళకు వెనక తలుపు నుంచి డబ్బాలు పంపింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. అన్నం వదిలేసి లేచేవాణ్ణి చొక్కా పట్టుకుని కూర్చోబెడుతుంది. నర్సింగమన్నకు మగ్గాల మోతకు చెవులు మందగించాయి. ఇప్పుడు హోటల్లోనే నీళ్ళు పోస్తూ, బల్లలు తుడుస్తూ ఉంటాడు. తనకు వినపడదు కాబట్టి ఎవరికీ వినపడదనుకుంటాడు. ఆయన చెవిలో చెప్పే రహస్యం గల్లీ చివర కుక్క కూడా వింటుంది.

లాక్‌డౌన్‌లో ఆ డబ్బాలు మోసింది ఇద్దరు: రఘుపతి, పరుశురాం. ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు. మిగతా మగవాళ్ళంతా వీళ్ళిద్దరి వెనకాల నిలబడ్డవాళ్ళే. ఇద్దరూ ఒకే కార్ఖానాలో జోడీదార్లు. అంటే అవే మగ్గాలను ఒకరు పగలు నడిపితే ఇంకొకరు రాత్రి నడుపుతారు. బావా అంటే బావా అనుకునేవాళ్ళు. అటువంటివాళ్ళు విడిపోయి, మా గోడాదరా తెలుగువాళ్ళనందరినీ రెండు ముక్కలు చేశారు. దేనికోసం? పాలిస్టర్ కోసం.

మా పద్మశాలీలకు శ్రావణ పున్నమి పెద్ద పండుగ. ఆ రోజు మగవాళ్ళు జంధ్యం మార్చుకుంటారు. మార్కండేయ స్వామిని ఊరేగిస్తారు. మా దగ్గర ఊరేగింపులో ట్రాక్టర్ మీద ఒక చేతిమగ్గం పెట్టి, దారి పొడుగునా దాని మీద కండువా నేస్తారు. ఊరేగింపు గుడికి చేరేసరికి కండువా పూర్తవ్వాలి, అప్పటికప్పుడు స్వామికి కప్పాలి. ఇంతమంది నేతగాళ్ళలో చేతిమగ్గం తెలిసినవాడు మొండయ్య తాత ఒక్కడే. మిగతావాళ్ళందరికీ బటన్ నొక్కడమే తెలుసు. పోయిన ఏడు వాన పడింది. ట్రాక్టర్ గుంతలో దిగబడి ఎగిరింది. పడుగు పోగులు గుత్తులు గుత్తులుగా తెగాయి. తాత ముడులు వేస్తూ కూర్చుంటే ఊరేగింపు ముందుకు పోతూనే ఉంది. గుడి దగ్గర చూస్తే కండువా జానెడు నేసి ఉంది. అది స్వామికి కాదు కదా, స్వామి చేతి వేలికి కూడా చాలదు.

ముహూర్తం దాటిపోతోందని పూజారి తొందరపెట్టాడు. పరుశురాం పరుగెత్తి, తమ కార్ఖానాలో తయారైన జరీ అంచు గుడ్డ ఒకటి తెచ్చి ఇచ్చాడు. పూజారి కప్పేశాడు. స్వామి మెరిసిపోయాడు. అందరూ దండం పెట్టుకున్నాక రఘుపతి స్వామి దగ్గరికి పోయి ఆ గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"గిది పాలిస్టర్ గదా! దేవునికి పాలిస్టర్ కడుతరా బావా?" అన్నాడు.

"ఇన్నేండ్ల సంది మనకు బువ్వ పెట్టేది పాలిస్టరే గదా. మనకు బువ్వ పెట్టింది దేవునికి పనికిరాదా?" అన్నాడు పరుశురాం.

నిజం చెప్పాలంటే ఇద్దరి మాటా నాకు సబబుగానే తోచింది. మగవాళ్ళకు అట్లా తోచదు. అక్కడికక్కడే అరుపులు. మర్నాటికి మా పద్మశాలీ సంఘం రెండయింది. రఘుపతిది నూలు పార్టీ, పరుశురాంది పాలిస్టర్ పార్టీ. ఇద్దరు అధ్యక్షులు, రెండు రబ్బరు స్టాంపులు. మా గల్లీ నుంచి గుడి వైపు ఉన్నవాళ్ళు నూలు, నీళ్ళ ట్యాంకు వైపు ఉన్నవాళ్ళు పాలిస్టర్. నూలు పార్టీలో అందరి ఒంటి మీదా పాలిస్టర్ చొక్కాలే, అది వేరే సంగతి. పెళ్ళిళ్ళకు పిలుపులు ఆగిపోయాయి. కార్ఖానాలో పాళీ మారేటప్పుడు రఘుపతి ఒక తలుపు నుంచి బయటికి పోతే పరుశురాం ఇంకో తలుపు నుంచి లోపలికి పోయేవాడు. సంఘంలో ఆడవాళ్ళకు ఓటు లేదు కాబట్టి మేము మాత్రం ఎప్పటిలాగే నల్లా దగ్గర మాట్లాడుకున్నాం.

గ్రాండ్ హోటల్ సరిగ్గా నడిమధ్యలో ఉంది. ఇద్దరూ తినాల్సింది అక్కడే. ఒకరి ముఖం ఒకరు చూడబోమన్నారు. వదిన తిట్టీ తిట్టీ, చివరికి హోటల్ నడుమ ఒక తాడు కట్టి పరదా వేలాడదీసింది. పరదా పాలిస్టర్‌ది అని నూలు పార్టీ అన్నం ముట్టలేదు. నూలుది కడితే పాలిస్టర్ పార్టీ అలిగింది. ఆమె రెండింటినీ చెరిసగం చింపి కలిపి కుట్టమని నాకిచ్చింది. నేనే కుట్టాను. అది అయిందో లేదో, అటుపక్క పప్పు చిక్కగా పోస్తున్నావని ఇటువాళ్ళు, ఇటే ముక్కలు ఎక్కువ పడుతున్నాయని అటువాళ్ళు. అప్పుడు ఆమె పప్పు గిన్నెను పరదా చివర, రెండు పక్కలకూ కనపడేచోట పెట్టుకుని వడ్డించడం మొదలుపెట్టింది. ట్రాఫిక్ పోలీసులాగా రెండు చేతులూ రెండు వైపులా ఆడుతూ ఉండేవి. నవ్వొచ్చేది నాకు. ఆమెకు రాలేదు.

ఈ ఏడు శ్రావణం దగ్గర పడింది. ఒకరోజు మధ్యాహ్నం రఘుపతి హోటల్‌కు వచ్చాడు.

"వదినా, పున్నం నాడు మా సంఘం భోజనాలకు నువ్వే వండాలె. కాని ఒక్క మాట. వాళ్లకు గూడ వండితివనుకో, మావోళ్ళు ఇగ నీ గడప తొక్కరు," అన్నాడు.

ఆయన పోయాక పరుశురాం వచ్చి అదే మాట, అంతే మర్యాదగా చెప్పి పోయాడు. ఇద్దరి వెనకా సగం సగం గల్లీ ఉంది. సగం మంది రాకపోతే హోటల్ మూతపడుతుంది. అది గల్లీ అంతటికీ తెలుసు, ఆ ఇద్దరికీ తెలుసు. తెలిసే అడిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రం వదిన మా ఇంటికి వచ్చి కిటికీ దగ్గర చతికిలబడింది. ఆమె అంత మెల్లగా మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

"హోటల్ పోతె పోనీ సుభాషిణీ, ఊరికి పోయి బీడీలు చేసుకుంట. కాని ఎవలను విడువాలె? ఒకలు నాకు వరదల బియ్యం మోసినోడు. ఇంకొకలు మీ అన్నకు పాణం బాగలేనప్పుడు దవాఖానల కావలి కూసున్నోడు. గీ సూరత్‌ల నాకు అన్నదమ్ములు వీళ్ళే గదా. నేను విడిచినోళ్ళు యాడికి పోయి తింటరు? మల్ల బెల్లం పప్పు తినాలె," అని కళ్ళు తుడుచుకుంది.

ఏడుపులో కూడా బెల్లం పప్పే ఆమెకు. నేను టీ పెట్టి ఇచ్చాను. తాగుతూ తాగుతూ ఆమె ముఖం మారింది. గ్లాసు కింద పెట్టి లేచి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది.

అప్పుడే పగటి పాళీవాళ్ళు భోజనానికి వచ్చి ఉన్నారు. ఆమె పరదా చివర నిలబడి రెండు పక్కలా వినపడేట్టు అరిచింది:

"అందరు ఇనుండ్రి! పున్నం నాడు నేను వండ. పొయ్యి ముట్టియ్య. నేను గూడ మీ కులం బిడ్డనే. నన్నెవలన్న బువ్వకు పిలువుండ్రి. ఎవల బువ్వ తిన్ననో వాళ్ళ పార్టీల కలుస్త. ఒడిసిపోయింది."

రెండు పార్టీలూ చప్పట్లు కొట్టాయి. మా పార్టీలోకే వస్తుందంటే మా పార్టీలోకే అని పందాలు కూడా కాసుకున్నారు. వండేది ఎవరన్న ఆలోచన వాళ్ళకు ఇంటికి పోయాక గానీ రాలేదు.

ఇక్కడ నా చెయ్యి కొంచెం ఉంది. మర్నాడు నల్లా దగ్గర సమ్మక్కతో, లింగవ్వతో, ఇంకా వచ్చినవాళ్ళందరితో ఒక మాట అన్నాను. "ఓటు ఇయ్యరు గని వంటకు పిలుస్తరా? మనం గూడ ఆ దినం బువ్వకే పోదాం," అన్నాను. సమ్మక్క రఘుపతి భార్య, లింగవ్వ పరుశురాం భార్య. ఇద్దరూ బిందెలు దించి మరీ నవ్వారు. ఆ రోజు నుంచి ఏ ఇంట్లో అడిగినా ఆడవాళ్ళకు నడుము నొప్పే.

మగవాళ్ళు వంటవాళ్ళ కోసం తిరిగారు. అదే రోజు రాఖీ కూడా కాబట్టి నగరంలో ఒక్కడూ ఖాళీగా లేడు. ఉద్నాలో ఒక గుజరాతీ వంటాయన దొరికాడు. పప్పులో బెల్లం వేయవద్దని చెబితే, "బెల్లం వేయకపోతే దాన్ని పప్పు అని ఎందుకంటారు?" అని ఆయన నిజంగా అర్థంకాక అడిగాడట. అది విని రెండు పార్టీలూ వెనక్కి వచ్చేశాయి.

పెద్ద పొయ్యి, పెద్ద గంజు గల్లీ మొత్తానికి గ్రాండ్ హోటల్లోనే ఉన్నాయి. రఘుపతి వచ్చి తాళం అడిగాడు. పరుశురాం వచ్చి తాళం అడిగాడు. వదిన ఇద్దరికీ ఇస్తానంది. తనను మాత్రం ఏమీ అడగొద్దంది. నడుమ నర్సింగమన్న రాయబారం నడిపాడు. ఆయన గొంతు పుణ్యమా అని ఆ రాయబారం అందరమూ విన్నాం. పులిహోర, కూరలు ఎవరివి వాళ్ళు చిన్న గిన్నెల్లో వండుకోవాలి. పప్పుచారు మాత్రం ఒకే గంజులో, ఉమ్మడిగా. పొద్దున నూలు పార్టీ వంటింట్లోకి పోవాలి, పొద్దెక్కాక పాలిస్టర్ పార్టీ పోవాలి. మగ్గాలవాళ్ళు కదా, వంటను కూడా పాళీలు చేసుకున్నారు.

పండుగ పొద్దున వదిన కొత్త చీర కట్టుకుని మా కిటికీ దగ్గర కూర్చుంది. కూర్చోవడం ఆమెకు రాదు. నా లేసు చుట్ట తీసుకుని విప్పింది, చుట్టింది, మళ్ళీ విప్పింది. ఎదురుగా వంటింట్లో గిన్నెలు దబదబా పడుతున్నాయి. ఎవరో దగ్గుతున్నారు. ఎవరో ఎవర్నో 'మిరపకాయలు కండ్లల్ల పెట్టినవేందిరా' అని తిడుతున్నారు.

"ఎల్లిగడ్డ మాడింది," అంది వదిన గాలి పీల్చి.

"మాడనీ."

"పొయ్యి మంట ఎక్కువైంది. అడుగంటుతది సుభాషిణీ!"

ఆమె లేవబోయింది. నేను కొంగు పట్టుకుని కూర్చోబెట్టాను. మధ్యాహ్నం లోపల అట్లా నాలుగైదు సార్లు కూర్చోబెట్టి ఉంటాను. ఆమె కొత్త చీర నలిగిపోయింది.

పొద్దెక్కాక రఘుపతి వాళ్ళు చేతులు కడుక్కుని జంధ్యాలు మార్చుకోవడానికి పోయారు. పరుశురాం వాళ్ళు లోపలికి పోయారు. ఎదురుపడ్డప్పుడు ఒకరినొకరు చూడకుండా ఆకాశం వంక చూశారు. నైవేద్యం పెట్టాల్సిన వంట కాబట్టి ఎవరూ రుచి చూడకూడదు. ఎంగిలవుతుంది. చూడలేదు కూడా. ఎవరికి తోచింది వాళ్ళు వేసి, మూత పెట్టి, నైవేద్యం గుడికి పంపారు.

పూజ అయ్యాక రఘుపతి, పరుశురాం ఐలమ్మ వదినను పిలిచారు, ఇద్దరూ కలిసి కాదు, ఒకరి వెనక ఒకరు వచ్చి. రోజూ ఆమె నిలబడే చోటే, పరదా చివర, చాప వేసి ఒక విస్తరి వేశారు. అటుపక్క నూలు పార్టీ, ఇటుపక్క పాలిస్టర్ పార్టీ. ఆడవాళ్ళమందరం గుమ్మంలో నిలబడ్డాం. రఘుపతి అన్నం వడ్డించాడు. పరుశురాం పప్పుచారు పోశాడు. ఆమె కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఆమె ముఖంలో ఏమీ కదలలేదు. నమిలింది. మింగింది. నీళ్ళు తాగింది. ఇంకో ముద్ద కలిపింది. ఏమంటుందోనని అందరూ మెడలు చాచి చూస్తున్నారు. ఆమె ఏమీ అనలేదు. అన్నది నర్సింగమన్న. ఆయన తన విస్తరి తాను వేసుకుని అప్పటికే ఒక ముద్ద తిన్నాడు.

"ఓ ఐలమ్మా! గిదేందే! డుమస్ పోయి సముద్రం నీళ్ళు తెచ్చి పోసిండ్రా?"

గల్లీ అంతా నవ్వింది. రఘుపతి ముఖం మాడిపోయింది. గంజులో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని చూశాడు. పరుశురాం కూడా చూశాడు. ఇద్దరి ముఖాలూ ఒకే రకంగా ముడుచుకున్నాయి. సంవత్సరం తర్వాత మొట్టమొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు.

"నేను ఉప్పేసే పోయిన గదా!" అన్నాడు రఘుపతి.

"నాకెట్ల ఎర్కె? నేను గూడ ఏసిన," అన్నాడు పరుశురాం.

"ఎంతేసినవ్?"

"రెండు దోసిళ్ళు. నువ్వు?"

"నేను గూడ గంతే."

పరుశురాం గొంతు మారిపోయింది.

"మరి ఎర్రదారం కట్టి పోవద్దా బావా?" అన్నాడు.

మాలో మగ్గం తెలియనివాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఆ మాట అందరికీ తగిలింది. పాళీ దిగిపోయేవాడు ఏ మగ్గం మీద పోగులు సతాయిస్తున్నాయో ఆ మగ్గానికి ఎర్రదారం ముక్క కట్టి పోతాడు. ఎక్కేవాడు దాన్ని చూసి అక్కడ జాగ్రత్త పడతాడు. ఎంత పగ ఉన్నా ఎర్రదారం కట్టకుండా పోయే నేతగాడు ఉండడు. ఆ ఏడాదంతా ఆకాశం వంక చూసుకుంటూ తిరిగిన వీళ్ళిద్దరూ కూడా కార్ఖానాలో కడుతూనే ఉన్నారట. వంటింట్లోకి వచ్చేసరికి ఆ సంగతే మరిచిపోయారు.

రఘుపతి తల దించుకున్నాడు. "మర్చిపోయిన బావా. గీడ మగ్గం లేకపాయె," అన్నాడు.

"ఏం చెయ్యాలె వదినా?" అని అడిగాడు పరుశురాం.

"నన్నడుగొద్దన్న గదా," అంది వదిన, ఇంకో ముద్ద తింటూ.

ఇద్దరూ చొక్కాలు విప్పి వంటింట్లోకి దూరారు. ఇంకో మూట కందిపప్పు పోసి ఉడకబెట్టారు. నీళ్ళు పోశారు, చింతపండు పిసికారు, రుచి చూశారు, మళ్ళీ నీళ్ళు పోశారు. ఈసారి దేనిలో ఏం వేసినా ఒకరికొకరు అరిచి చెప్పుకుంటూనే ఉన్నారు. గంజు నిండింది. పక్కనున్న పెద్ద గిన్నెలు నిండాయి. చివరికి నీళ్ళ డ్రమ్ములు కడిగి వాటిలో కూడా పోశారు. ఉప్పు సరిపోయేసరికి సూరత్‌లోని తెలుగువాళ్ళందరికీ సరిపడా పప్పుచారు తయారైంది. ఏ ఒక్క పార్టీ తిన్నా అది అయ్యేది కాదు. బకెట్లతో ఇటూ అటూ పరుగెత్తేవాళ్ళకు పరదా అడ్డం తగులుతుంటే ఎవరో దాన్ని ఎత్తి తాడు మీద వేశారు. మేము కూడా లోపలికి పోయి, ఖాళీ ఉన్నచోటల్లా కూర్చున్నాం. ఎక్కడ కూర్చున్నామో ఎవరూ చూసుకోలేదు.

ఆ సాయంత్రం సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మీరు అడుగుతారు. సంఘాలు ఇప్పటికీ రెండే. రబ్బరు స్టాంపులు ఎవరూ పారేయలేదు. స్వామికి నూలా పాలిస్టరా అన్నది ఇప్పటికీ తేలలేదు, మా జన్మలో తేలదు కూడా. ఊరేగింపు మాత్రం ఒక్కటే వెళ్ళింది, ఎందుకంటే కడుపులు నిండి రెండో ట్రాక్టర్ ముందు నడిచే ఓపిక ఎవరికీ లేదు. గ్రాండ్ హోటల్ మర్నాడు పొద్దున ఎప్పటిలాగే తెరిచింది.

కానీ నాకు గుర్తుండేది ఆ మధ్యాహ్నమే. అందరూ తింటున్నారు. రఘుపతి, పరుశురాం చెమటలు కారుతూ వచ్చి వదిన ముందు నిలబడ్డారు. పందెం సంగతి గుర్తొచ్చింది వాళ్ళకు.

"ఇగ చెప్పు వదినా. మా బువ్వ తింటివి. ఎవల పార్టీ?" అన్నాడు రఘుపతి.

ఈ మగవాళ్ళు ఇంత అయినాక కూడా అడుగుతారా అని నాకు కోపమొచ్చింది.

వదిన చెయ్యి విస్తరి మీదే ఉంది. తల ఎత్తి ఇద్దరినీ చూసింది. "పప్పుల ఇద్దరి ఉప్పు పడ్డది గదా. ఎవల ఉప్పు ఎంతో తీసి దేనికది కుప్ప పొయ్యుండ్రి. ఎవల కుప్ప పెద్దగుంటె వాళ్ళ పార్టీల కలుస్త," అంది.

ఎవరో వెనక నుంచి పకపకా నవ్వారు. పరుశురాం తల గోక్కున్నాడు. చేతిలో బకెట్ ఉంది కాబట్టి, వడ్డించే మనిషి అనే మాటే అన్నాడు.

"ఇంకింత పోయాల్నా వదినా?"

"అన్నం గూడ పెడుత, జర పట్టు," అని రఘుపతి గరిటె ముందుకు చాపాడు.

అంతే, ఐలమ్మ వదిన ఏడ్చేసింది. అందరి ముందు, ఎంగిలి చేత్తో, పెద్ద గొంతుతో. ఉప్పు ఎక్కువైందేమోనని మళ్ళీ కంగారుపడ్డారు ఇద్దరూ. ఆమె కాదని చెయ్యి ఊపింది.

"సూరతు అచ్చిన కాడికెల్లి నన్ను కూసోవెట్టి, ఇంకింత పెట్టాల్నా అని అడిగినోళ్ళు లేరయ్యా," అంది. "పొయ్యుండ్రి. ఇద్దరు పొయ్యుండ్రి. ఇయ్యాల నేను లేవ."